ల్యాప్‌టాప్‌కు జీర్ణోద్ధరణము

(సత్తెనపల్లి ప్రాంత గ్రామ గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున చేయబడిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన వేళ కావ్యములనుగూర్చియో, పురాణములనుగూర్చియో ప్రసంగము జరుగుట ఆచారము. నేటి విషయము అట్టిది కాదు. చిన్న ఇనుప మరలు, రాగి తీగలు, నూగు పట్టిన పంకా, వీనికి సంబంధించినది. అయినను ఇది గ్రంథాలయమునకు పరాయి విషయము కాదు. అట్ట ఊడిన పుస్తకమును ఏ గ్రంథాలయమువారును పారవేయరు. దారము తెగినచో కుట్టుదురు; వీపు చినిగినచో గుడ్డ అంటింతురు; కొత్త అట్ట వేసి మరల అరలో నిలుపుదురు. లోపలి విషయము చెడలేదు గదా, చెడినది పై అట్టయే గదా అని వారి ఆలోచన. ఆ ఆలోచననే నేడు పల్లెలలో సైతము ఇంటింటికి వచ్చిన ల్యాప్‌టాప్ యంత్రమునకు అన్వయించి చూచుట ఈ ప్రసంగముయొక్క ఉద్దేశము.

ఈ విషయము ఇప్పుడు ముఖ్యమగుటకు కారణము కలదు. 2015 జూలై 29వ తేదీన మైక్రోసాఫ్ట్ సంస్థ విడుదల చేసిన విండోస్ 10 అను వ్యవస్థకు 2025 అక్టోబరు 14వ తేదీతో ఆ సంస్థ పోషణ ముగిసినది. కోరినవారికి 2026 అక్టోబరు 13 వరకు భద్రతా సవరణలు మాత్రము అందు ఏర్పాటు చేయబడినది. తరువాతిదగు విండోస్ 11 అన్ని యంత్రములను అంగీకరింపదు. 4 గిగాబైట్ల మెమొరీ, 64 గిగాబైట్ల నిల్వ చోటు, టి.పి.ఎమ్. 2.0 అను భద్రతా భాగము ఉండవలయును. ప్రాసెసరు ఇంటెల్‌వారిదైనచో సాధారణముగా ఎనిమిదవ తరమునకు తగ్గకూడదు. 2017వ సంవత్సరమునకు ముందు కొన్న యంత్రములలో అధిక భాగము ఈ గడప దాటలేకపోయినవి. అవి చెడిపోయినవి కావు. చెడనివానిని చెడినవానితో కలిపి పాత సామానుల బండికెత్తుట న్యాయమా అనునదే ప్రశ్న.

ఈ ప్రశ్న సత్తెనపల్లి చేరువ గ్రామమున ఒక కౌలు రైతు ఇంట తలయెత్తినది. ఆ ఇంటి కుమార్తె డిగ్రీ మూడవ సంవత్సరము చదువుచున్నది. ఆమె అన్న 2017లో కొన్న ల్యాప్‌టాప్ ఆమెకు వచ్చినది. అందులో ఆమె ప్రాజెక్టు నివేదిక ఉన్నది. తండ్రి నాలుగేండ్ల కౌలు లెక్కలు, గుంటూరు మిర్చి యార్డు కాటా చీట్ల ఛాయాచిత్రములు కూడ ఉన్నవి. యంత్రము మీట నొక్కిన పిదప తెరచుకొనుటకు పది నిమిషములు పట్టుచుండెను. ఒక పుట వ్రాసి రెండవ పుటకు పోవునంతలో బిగుసుకొనిపోవుచుండెను. నివేదిక ఇచ్చుటకు గడువు మూడు వారములు. బజారులో చూపగా, "దీనికి ఆయుష్షు తీరిందమ్మా, కొత్తది తీసుకోండి" అని సమాధానము వచ్చినది. ఆ యేడు పత్తికి గులాబీ రంగు పురుగు తగిలినది. మిరప కాయ ధర రాక శీతల గిడ్డంగిలో ఉన్నది. కొత్త యంత్రమనగా కొత్త అప్పు.

ఆమెకు ఒక బాబాయి కలడు. బోరు మోటార్లకు తీగ చుట్టుట అతని వృత్తి. ఆ సంగతి విని అతడు నవ్వి, "మోటారు ఆగితే ముందు మూత తీసి చూస్తామా, మోటారే కొత్తది కొంటామా?" అని అడిగెను. "ఇది మోటారు కాదు బాబాయ్" అని ఆమె యనెను. "కాదు. కాని దీనికీ మూత ఉంది గదమ్మా!" అని అతని జవాబు. ఇచటనుండి జరిగిన పనియే ఈ ప్రసంగమునకు ఆధారము.

మొదట యంత్రము నెమ్మదించుటకు కారణము తెలియవలయును. దానిని లెక్కలు వ్రాయు గుమాస్తాతో పోల్చవచ్చును. ప్రాసెసరు గుమాస్తా. ర్యామ్ అనబడు మెమొరీ అతని ముందున్న వ్రాతబల్ల. హార్డ్ డిస్కు గది మూలనున్న బీరువా. పని జరుగుచున్నంతసేపు కాగితములు బల్లపై పరచియుండవలయును. పని ముగియగానే బీరువాలో చేరవలయును. బల్ల చిన్నదైనచో చిట్టా పరచుటకు ఆవర్జాను తీసి బీరువాలో పెట్టవలయును. ఆవర్జా కావలసినప్పుడు చిట్టాను తీసికొనిపోవలయును. గుమాస్తా ఎంత చురుకైనవాడైనను అతని దినమంతయు నడకకే సరిపోవును. 4 గిగాబైట్ల మెమొరీతో నేటి కార్యక్రమములను నడుపు యంత్రము సరిగా ఇట్లే నడచుచున్నది.

ఇక బీరువా సంగతి. ఆ కాలపు చవక ల్యాప్‌టాప్‌లలోని హార్డ్ డిస్కు నిమిషమునకు 5,400 సార్లు తిరుగును. అనగా సెకనునకు 90 సార్లు. కావలసిన అక్షరము ముల్లు క్రిందికి వచ్చుటకు సగటున అర చుట్టు, అనగా సెకనులో 180వ వంతు కాలము వేచియుండవలయును. ముల్లు స్థానము మారుటకు పట్టు కాలము అదనము. రెండును కలిపి చెల్లాచెదరుగానున్న సమాచారమును సెకనునకు ఏబది అరువది మారులకు మించి తెచ్చుట దానికి కష్టము. ఎస్.ఎస్.డి. అనబడు నిల్వ పలకలో తిరుగునదేదియు లేదు, ముల్లును లేదు. చిప్పులనుండి విద్యుత్తు ద్వారముననే సమాచారము వచ్చును. ఆ పని అది సెకనునకు వేల కొలది మారులు చేయగలదు. అందుచేత బల్లను పెద్దది చేసి, దూరపు బీరువాకు బదులు చేతికందు అరను ఏర్పరచినచో గుమాస్తాను మార్చనక్కరలేదు. ల్యాప్‌టాప్ జీర్ణోద్ధరణమున ముఖ్యములైన పనులు ఈ రెండే.

ఈ వస్తువులు ఇంత చిన్నవి యగుటకు డెబ్బదియేండ్ల శ్రమ కారణము. 1956లో అమెరికాలో ఐ.బి.ఎమ్. సంస్థ తెచ్చిన మొదటి డిస్కు నిల్వ యంత్రములో ఇరువదినాలుగు అంగుళముల వెడల్పు గల పళ్లెములు 50 ఉండెను. అన్నియు కలిసి ఏబది లక్షల అక్షరములను పట్టెను. నేడు అరచేతిలో ఇముడు 256 గిగాబైట్ల పలక దానికి ఏబది వేల రెట్లకు పైగా పట్టును. తెలుగునాట ఈ విద్య క్రొత్తది కాదు. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారి నాయకత్వమున 1967లో హైదరాబాదునందు ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా సంస్థ వెలసినది. భారతదేశమున రూపొందిన టి.డి.సి. 12 అను కంప్యూటరు 1969 నాటిది. దానిని తయారుచేసి అందించినది ఆ సంస్థయే. కంప్యూటరు మూత తీయుట పరదేశీయుల పని అను సంకోచము తెలుగువానికి అక్కరలేదు.

ఆ కుమార్తెయు బాబాయియు మొదట మర తీయలేదు, మొదట చదివిరి. యంత్రము అడుగుననున్న చీటీపై నమూనా సంఖ్య కలదు. ఆ సంఖ్యతో తయారీదారు ఇచ్చిన మరమ్మతు పుస్తకమును ఆమె సంపాదించెను. ఏ మర ఎచటనున్నది, ఏ తీగను ముందు తీయవలయును, మెమొరీకి ఎన్ని గూళ్లు, గరిష్ఠముగా ఎంత పట్టును అను సంగతులు దానిలో బొమ్మలతో కలవు. గూళ్లు రెండు, ఒకటి ఖాళీ అని తెలిసినది. విండోస్‌లోని టాస్క్ మేనేజరు కూడ వాడుచున్న గూళ్ల సంఖ్యను చూపును. యంత్రమునకు హామీ కాలము మిగిలియున్నచో మూత తీయుటవలన ఆ హామీ పోవునేమో హామీ పత్రమునందు ముందే చదివి చూడవలయును. వీరి యంత్రమునకు ఆ కాలము ఎన్నడో గడచినది.

మెమొరీ పలకలన్నియు ఒక్కటి కావు. ల్యాప్‌టాప్‌లకు వచ్చు డి.డి.ఆర్. 3 పలకకు 204 కొనలు, డి.డి.ఆర్. 4 పలకకు 260, డి.డి.ఆర్. 5 పలకకు 262. వానికి వలయు విద్యుత్తు వరుసగా 1.5 వోల్టులు, 1.2 వోల్టులు, 1.1 వోల్టులు, మూడవ తరముననే 1.35 వోల్టులతో పనిచేయు మరియొక రకము కలదు. ఒకే సంవత్సరమున వచ్చిన రెండు యంత్రములలో ఒకదానికి మూడవ తరము పలక, మరియొకదానికి నాలుగవ తరము పలక ఉండవచ్చును. అందుచేత సంవత్సరమును బట్టి కొనరాదు. లోపలనున్న పలక పైని చీటీని చూచి కొనవలయును. ప్రతి పలక అంచున ఒక గాడి ఉండును. తరమునుబట్టి ఆ గాడి స్థానము మారును. తప్పు పలక గూటిలో దిగదు. జరాసంధుని కథ అందరెరిగినదే. రెండు ఖండములును సరియైన వైపున కలిసినంతకాలము ఆతడు లేచుచునేయుండెను; భీముడు వానిని తారుమారుగా విసరిన పిదప అవి అతుకలేదు. మెమొరీ పలకకును ఆ న్యాయమే. దిగనిదానిని బలముతో దించుట మాత్రము భీముడు చేయవలసిన పని కాదు, ఎవరును చేయవలసిన పని కాదు.

డిస్కు విషయమున కూడ చూచి కొనవలయును. పాత యంత్రములలో రెండున్నర అంగుళముల సాటా రకము ఉండును. దానికి బదులు అదే కొలత గల సాటా ఎస్.ఎస్.డి. నేరుగా అమరును. కొన్నింటిలో 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు గల ఎమ్.2 అను సన్నని పలకకు చోటుండును. ఆకారము ఒకటే అయినను ఎమ్.2 పలకలలో సాటా, ఎన్.వి.ఎమ్.ఇ. అని రెండు జాతులు కలవు. ఒక జాతి గూటిలో రెండవది పని చేయకపోవచ్చును. మరమ్మతు పుస్తకము చదువక కొన్నవాడు ఇచట డబ్బు పోగొట్టుకొనును.

వస్తువులు వచ్చిన దినమున బాబాయి స్క్రూడ్రైవరు పట్టుకొని కూర్చుండెను. కుమార్తె ఆతని చేయి పట్టుకొని, "ముందు నకలు బాబాయ్" అనెను. ఆమె ముందుగా డిస్కు ఆరోగ్యమును తెలుపు కార్యక్రమమును నడిపియుండెను. డిస్కులో చెడిన భాగములకు బదులుగా వేరు భాగములను వాడుకొనిన సంఖ్య అందు కనబడెను. వారము తరువాత చూడగా ఆ సంఖ్య పెరిగియుండెను. అనగా ఆ బీరువా అడుగు చెదలు తినుచున్నది. నివేదికయు, తండ్రి లెక్కలును, కాటా చీట్లును ఒక విడి డిస్కునకు నకలెత్తుటకు రాత్రియంతయు పట్టెను. మరునాడు ఆమె ఆ నకలులోని దస్త్రములు కొన్నింటిని తెరచి చూచెను. తెరచి చూడని నకలు నకలు కాదు. యంత్రము పోయినచో మరియొకటి కొనవచ్చును. నాలుగేండ్ల లెక్క పోయినచో కొను అంగడి లేదు. ఈ ప్రసంగమున ఒక్క మాటయే జ్ఞాపకముంచుకొనవలసినచో అది ఇదియే.

తరువాత మూత. పద్మవ్యూహమున జొచ్చుట ఎరిగి వెలువడుట ఎరుగని అభిమన్యుని గతి ఈ పనియందు అనేకులకు పట్టుచున్నది. మూత తీయుట సులభము. మిగిలిన రెండు మరలను చేత పట్టుకొని ఇవి ఎచటివని ఆలోచించుట కష్టము. మరలన్నియు ఒకే పొడవు గలవి కావు. పొట్టి మర ఉండవలసినచోట పొడుగు మరను బిగించినచో అది లోపలి బోర్డును తొలుచును. బాబాయి ఇందుకు తన వృత్తిలోని ఉపాయము వాడెను. తెల్ల కాగితముపై యంత్రము అడుగు బొమ్మ గీసి, తీసిన ప్రతి మరను దాని స్థానముననే గ్రుచ్చెను. ఆమె ప్రతి దశయందును ఫోనుతో ఛాయాచిత్రము తీసెను. స్క్రూడ్రైవరు మర తలకు సరిపోవు కొలతదై యుండవలయును. ల్యాప్‌టాప్‌లకు సాధారణముగా నక్షత్రపు తల 0, 00 కొలతలు చాలును. సరిపోని కొలతతో తిప్పినచో తల అరిగి మర ఇక రాదు. అంచులను విప్పుటకు ఇనుము వాడరాదు; పాత ప్లాస్టిక్ కార్డు ముక్క చాలును.

మూత తీయుటకు ముందు ఛార్జరు పెరికి, యంత్రమును పూర్తిగా ఆపవలయును. మూత తీసిన వెంటనే బ్యాటరీ తీగను బోర్డునుండి విడదీయవలయును. పిదప మీటను కొన్ని సెకనులు నొక్కి పట్టుకొనినచో మిగిలిన విద్యుత్తు పోవును. మోటార్ల పని ఎరిగిన బాబాయికి ఇది చెప్పనక్కరలేకపోయెను. అతడెరుగనిది మరియొకటి కలదు. అది శరీరముననుండు స్థిర విద్యుత్తు. ఎండకాలమున పొడి గాలిలో నైలాను గుడ్డలు కట్టినవారి శరీరమున వేల వోల్టుల స్థిర విద్యుత్తు చేరును. మూడు వేల వోల్టుల లోపుది మనుష్యునకు తెలియనే తెలియదు. చిప్పును చంపుటకు అందులో వందవ వంతే చాలవచ్చును. అందుచేత నూలు గుడ్డలు కట్టి, నేలలోనికి పోవు ఇనుప గొట్టమును ముట్టి పని మొదలిడవలయును. పత్తి పండించు నేలవారికి నూలు గుడ్డ దొరకుట కష్టము కాదు.

మూత తీయగా లోపల ఒక పత్తి చేనే కనబడినది. ఊరి చెంత జిన్నింగు మిల్లులు. ఇంటి చావడిలో ఎండిన పత్తి బస్తాలు. పైగా మిరప కాయ తొక్కిన రోజుల దుమ్ము. పంకాకు, వేడిని విడుచు రాగి రెక్కలకు నడుమ నూగు ఒక ఒత్తువలె పేరుకొనియుండెను. గాలి పోవు దారి లేనప్పుడు ప్రాసెసరు వేడెక్కును. వేడెక్కినప్పుడు తన్ను తాను కాపాడుకొనుటకు వేగమును తగ్గించుకొనును. నెమ్మదించుటకు ఇది మూడవ కారణము. దీనికి ఖర్చు లేదు. మెత్తని పొడి కుంచెతో ఆ నూగును తీసిరి; తీయుచున్నంతసేపు ఇద్దరును తుమ్ముచునేయుండిరి. పంకా రెక్కను వ్రేలితో ఆపి దులుపవలయును. గాలికి వేగముగా తిరుగనిచ్చినచో పంకా దెబ్బతినును. నోటితో ఊదరాదు, తడి చేరును.

హార్డ్ డిస్కును దాని చట్రమునుండి తీసి, ఆ చట్రముననే ఎస్.ఎస్.డి.ని బిగించి, నెమ్మదిగా ముందునకు త్రోయగా అది దిగినది. మెమొరీ పలకను గూటిలో వాలుగా చొనిపి, పిదప క్రిందికి నొక్కగా ఇరుప్రక్కల నున్న రెండు కొక్కెములు టక్కుమని పట్టుకొనవలయును. బ్యాటరీ తీగ మరల తగిలించి మీట నొక్కిరి.

తెర నల్లగానే యుండెను.

అప్పుడు ఆ ఇంట మాట లేదు. తల్లి వంటింటి గుమ్మమున నిలిచి చూచుచుండెను. తండ్రి ఏమియు అనలేదు. అనకపోవుటయే ఆమెకు భారమైనది. "చెడగొట్టానేమో నాన్నా" అని ఆమె గొంతు వణకెను. బాబాయి తొందరపడలేదు. "వేసిందంతా మళ్లీ తీద్దాం. కొత్తది తీసేసి పాతదానితో నడుస్తుందేమో చూద్దాం" అనెను. ఇది పెద్ద శాస్త్రము. రెండు మార్పులు చేసి చెడినప్పుడు ఒక్కొక్కటిగా వెనుకకు పోవలయును; అప్పుడే దోషము ఎచటనున్నదో తెలియును. కొత్త మెమొరీ పలకను తీయగా తెర వెలిగినది. పలకను చూడగా ఒక ప్రక్క కొక్కెము సగమే పట్టియుండెను. కొనలపై ఒక నూగు పోగు ఉండెను. తుడిచి, మరల చొనిపి, రెండు కొక్కెముల చప్పుడును విని మూసిరి. యంత్రము తెరచుకొనినది, మెమొరీ 8 గిగాబైట్లని చూపినది. ఆ రాత్రి మెమొరీని పరీక్షించు కార్యక్రమమును తెల్లవార్లు నడుపగా ఒక్క తప్పును రాలేదు.

ఆమె ప్రాసెసరు ఆరవ తరమునకు చెందినది. విండోస్ 11 దానిని అంగీకరింపదు. అందుచేత కొత్త పలకపై లినక్స్ వ్యవస్థను నెలకొల్పిరి. 1991లో ఫిన్లండు దేశపు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన ఈ వ్యవస్థ వెల లేనిది. దాని లోపలి వ్రాత అందరికి తెరచియున్నది. తెలుగులో చూపుటకును వ్రాయుటకును ఏర్పాట్లు కలవు. హైదరాబాదులోని స్వేచ్ఛ అను సంస్థవంటివారు ఈ పనికి పాటుపడిరి. ఈ సత్తెనపల్లికి చెందిన వావిలాల గోపాలకృష్ణయ్యగారు 1974లో ఏర్పడిన అధికార భాషా సంఘమునకు తొలి అధ్యక్షులై, కచేరీలలో తెలుగు నడువవలెనని శ్రమించిరి. కచేరీ పని కాగితమును విడిచి యంత్రమునకు చేరిన ఈ కాలమున యంత్రమున తెలుగు నడచుట ఆ శ్రమకు కొనసాగింపే. అయితే ఒక హెచ్చరిక అవసరము. కళాశాలవారో ఉద్యోగమువారో విండోస్‌పై మాత్రమే నడుచు కార్యక్రమమును కోరినచో లినక్స్ పనికిరాదు. వ్యవస్థను మార్చుటకు ముందు ఆ సంగతి విచారింపవలయును. ఆమె కోరినది నివేదిక వ్రాయుట, లెక్కల పట్టికలు వేయుట. ఆ రెండింటికి అడ్డు రాలేదు.

యంత్రము అర నిమిషములో తెరచుకొనుట చూచి తండ్రి కాటా చీట్ల చిత్రములను చూపుమనెను. ఒక్కొక్కటిగా చూచి, "అన్నీ ఉన్నాయమ్మా" అని లేచి చేనికి పోయెను. నివేదిక గడువునకు నాలుగు దినములు ముందే ముగిసినది. తీసిన హార్డ్ డిస్కును యు.ఎస్.బి. పెట్టెలో అమర్చి రెండవ నకలుగా ఉంచిరి. దాని ఆరోగ్యము తెలిసినదే గనుక దానినొక్కదానినే నమ్మలేదు.

ఈ పనియందు చేయదగనివి కూడ చెప్పకున్నచో ప్రసంగము అసమగ్రము. అన్ని యంత్రములకు ఈ చికిత్స లేదు. నేటి సన్నని ల్యాప్‌టాప్‌లలో అనేకములకు మెమొరీ బోర్డుకే అతికియుండును. ఆపిల్ సంస్థ 2012లో తెచ్చిన రెటీనా తెర మాక్‌బుక్ ప్రో మొదలుకొని ఈ పద్ధతి పెరిగినది. అట్టి యంత్రమును కొనునప్పుడే భవిష్యత్తునకు సరిపడు మెమొరీతో కొనవలయును. తరువాత పెంచుటకు దారి లేదు. ఇందుకు విరుద్ధముగా ప్రతి భాగమును యజమానియే మార్చుకొనునట్లు ఫ్రేమ్‌వర్క్ అను సంస్థ 2021 నుండి యంత్రములను అమ్మ మొదలిడినది. ప్రాసెసరును ల్యాప్‌టాప్‌లో ఇంట మార్చుట సాధారణముగా జరుగు పని కాదు. బ్యాటరీ ఉబ్బినచో, అడుగు మూత పైకి లేచినచో, ఆ యంత్రమును ఛార్జి చేయరాదు. ఉబ్బినదానిని గ్రుచ్చరాదు, నొక్కరాదు, చెత్తతో కాల్చరాదు. అది మంట పుట్టించును. అట్టి సందర్భమున తెలిసినవాని చేతికి అప్పగించుటయే వివేకము.

లెక్క కూడ చూడవలయును. యంత్రమునకు ఏమి కొరత, దానిని తీర్చుటకు ఎంత వ్యయము, తీర్చిన పిదప ఎన్ని యేండ్లు పనికివచ్చును అని మూడు పద్దులు వ్రాసి చూచుకొనవలయును. తెర పగిలి, బ్యాటరీ పోయి, ప్రాసెసరు పదిహేనేండ్ల నాటిదైనచో మూడవ పద్దు సున్న. మెమొరీ ధర మిరప ధరవంటిది, స్థిరము కాదు. 2025 చివరి మాసములలో కృత్రిమ మేధకు సంబంధించిన గణన కేంద్రములు చిప్పులను విశేషముగా కొనుటచే లోకమంతట మెమొరీ ధర ఎక్కినది. అట్టి వేళ మెమొరీని ఆపి ఎస్.ఎస్.డి.ని మాత్రము మార్చినను వేగమున చాల మార్పు కనబడును.

మరియొక మార్గమును కలదు. బోర్డు పోయి మూలబడిన యంత్రములోని మెమొరీ పలకయు, డిస్కును తరచు బాగుగనే యుండును. దధీచి మహర్షి తన యస్థులనిచ్చుటచే వజ్రాయుధము సిద్ధమైనది. నడువని యంత్రము నడుచు యంత్రమునకు తన భాగములనిచ్చుట అట్టి దానము. సికిందరాబాదు ప్యారడైజు కూడలి చెంత చినాయ్ ట్రేడ్ సెంటరు అను కంప్యూటర్ల బజారున ఇట్టి భాగముల వ్యాపారము కలదు. ఇచ్చువారు ముందుగా తమ సమాచారమును పూర్తిగా చెరిపివేయుట మరువరాదు. ఏ భాగమును పనికిరానప్పుడు దానిని చెరువు గట్టున పారవేయక, అధికృత సేకరణకు అప్పగింపవలయును. 2023 ఏప్రిలు 1 నుండి అమలులోనికి వచ్చిన ఎలక్ట్రానిక్ వ్యర్థముల నిబంధనలు తయారీదారులపై ఆ బాధ్యతను ఉంచినవి. 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వ వినియోగదారుల శాఖ మరమ్మతు హక్కునకై ఒక ప్రత్యేక వేదికను ఆరంభించినది. కొన్నవానికి తన వస్తువును బాగుచేసికొను హక్కు కలదను భావము ఇట్లు బలపడుచున్నది.

తుదకు గ్రంథాలయము మాట. 1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసినది. 1918లో వేటపాలెమున సారస్వత నికేతనము మొలచినది. 1935లో పాతూరి నాగభూషణముగారి పూనికతో పెదవడ్లపూడినుండి పుస్తకములు పడవనెక్కి కాలువ వెంట పల్లెలకు పోయినవి. ఆ పెద్దలు క్రొత్త వాహనము వచ్చునని కూర్చుండలేదు. ఉన్న కాలువకు, ఉన్న పడవకు క్రొత్త పని కల్పించిరి. ఆ కథలోని కుమార్తెకు చదువు తోడ్పడినది, బాబాయికి చేతి పని తోడ్పడినది. చదువు లేని చేయి తప్పు పలకను కొనును. చేయి లేని చదువు నల్లని తెరను చూచి ఏడ్చును. ఈ రెండును ఒక బల్ల దగ్గర కలియు చోటు పల్లెలో గ్రంథాలయముకన్న వేరొకటి లేదు.

అందుచేత ఈ రజతోత్సవ జ్ఞాపకముగా గ్రంథాలయమున ఒక చిన్న పెట్టె ఉంచుట మేలు. దానిలో సరియైన కొలతల స్క్రూడ్రైవర్లు, ఒక కుంచె, నకలెత్తుకొనుటకు ఒక విడి డిస్కు ఉండవలయును. వీనికన్న ముఖ్యముగా ఒక గట్టి అట్ట పుస్తకము ఉండవలయును. ఎవరే యంత్రమును విప్పినను దాని నమూనా సంఖ్య, అమరిన భాగము, అమరని భాగము, జరిగిన పొరపాటు, దానిని దిద్దిన విధము అందులో వ్రాయవలయును. పొరపాటును దాచక వ్రాసినచో తరువాతివాడు దానిని చేయడు. ఆ పుస్తకము మొదటి పుటలో ఒక్క పంక్తి చాలును: ముందు నకలు, పిదప మర.

స్వస్తి.